పలక మీద ఇవాళ్టి రేటు

పలక ఖాళీగానే ఉంది.

కొట్టు తలుపులు తీసి చాలాసేపయింది. అల్మరాల అద్దాలు తుడవడం అయింది, త్రాసు పళ్ళాలు మెరిసేలా రుద్దడం అయింది. గుమ్మం పక్కన మేకుకి వేలాడే నల్లపలక మాత్రం నిన్న సాయంత్రం తుడిచినది తుడిచినట్టే ఉంది.

రోజూ పొద్దున్నే దాని మీద అత్తయ్య తన చేత్తో బంగారం రేటు రాస్తుంది. జ్వరం వచ్చిన రోజూ రాసింది. కొడుకు పెళ్ళిరోజున కూడా పట్టుచీరతో కొట్టుకొచ్చి, రాసి మరీ వెళ్ళింది. వీధిలో వాళ్ళు గడియారం చూసుకున్నట్టు ఆ పలక చూసుకుంటారు. కొనేది ఏమీ లేకపోయినా సరే.

"రాయవా అమ్మా?" అన్నాడు కొడుకు.

"ఏం రాయను?"

"రేటు."

"ఏ రేటు రా? నేను మాటిచ్చిన రేటా, ఊరంతా అమ్ముతున్న రేటా?"

అత్తయ్య కౌంటరు వెనక తన ఎత్తు కుర్చీలో కూర్చుని, త్రాసు పక్కనున్న చిన్న తూకపురాళ్ళని వరసగా పేర్చడం మొదలుపెట్టింది. అవి అప్పటికే వరసగా ఉన్నాయి.

కొత్తకోడలు లోపలి గుమ్మంలో టీ కప్పులతో నిలబడి ఇదంతా చూస్తోంది. పెళ్ళయి నిండా మూడు నెలలు కాలేదు. ఈ ఇంట్లో ఆమెకి అన్నీ నచ్చాయి. త్రాసు ఊగడం నచ్చింది, కొలిమి దగ్గర మామయ్య ఊదుడుగొట్టం చేసే ఉఫ్ ఉఫ్ చప్పుడు నచ్చింది, సాయంత్రమయ్యేసరికి భర్త కనుబొమ్మల మీద అక్కడక్కడా మెరిసే బంగారు పొడి మరీ నచ్చింది. ఈ ఇంటి నిశ్శబ్దం ఒక్కటే ఆమెకి ఇంకా అలవాటు కాలేదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర మొదలైన నిశ్శబ్దం తెల్లారినా కదల్లేదు.

"నా మాట విను," అన్నాడు కొడుకు మళ్ళీ, ఈసారి గొంతు తగ్గించి. "రేటు కట్టించుకున్న వాళ్ళందరికీ ఫోన్లు చేద్దాం. పరిస్థితి ఇదీ, తేడా మీరు కట్టండి అని మర్యాదగా అడుగుదాం. ఏ కొట్టువాడైనా అదే చేస్తాడు."

"ఏ కొట్టువాడైనా చేసేది చెయ్యడానికి నేనెందుకు, ఈ పలకెందుకు?"

"మరి మునిగిపోతామా?"

"నా నోటితో ఇచ్చిన మాట నీ నోటితో వెనక్కి తీసుకుంటావా?"

రేటు కట్టించుకోవడమంటే ఈ కొట్టులో ఒక పద్ధతి. నగకి ఆర్డరిచ్చి అడ్వాన్సు కట్టిన రోజు పలక మీద ఏ రేటుంటే, నగ చేతికొచ్చే రోజున కూడా అదే రేటు. మధ్యలో బంగారం ఆకాశానికెక్కినా, పాతాళానికి దిగినా సరే. అందుకే జనం ఈ చిన్న కొట్టుకి వస్తారు. మాటిచ్చిన రోజే ఆ నగకి సరిపడా బంగారం కొని పెట్టెలో పెట్టుకోవడం కూడా ఆ పద్ధతిలో భాగమే. అప్పుడు రేటు ఎటు పోయినా కొట్టుకి చీమ కుట్టినట్టుండదు.

ఈ రెండో సగాన్ని అత్తయ్య ఈమధ్య పాటించలేదు. బంగారం దిగుతుందనీ, దిగాక కొంటే మిగులుతుందనీ ఆగింది. ఆర్డర్లు తీసుకుంటూ పోయింది. బంగారం దిగలేదు. వారం వారం ఎక్కుతూ పోయింది. పెట్టెలో బంగారం లేదని నిన్న రాత్రి ఇంట్లో అందరికీ తెలిసింది.

"ఇవాళ నాలుగింటికి పెద్ద బ్యాంకు వాళ్ళు వడ్డీ పెంచుతున్నారు," అంది అత్తయ్య, తూకపురాళ్ళ మీంచి చూపు ఎత్తకుండా. "వడ్డీ పెరిగితే బంగారం దిగుతుంది. నా ఒంటి మీద జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ చూస్తున్నా. దిగాక కొంటాను, పలక రాస్తాను. అప్పటిదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకండి."

"జుట్టుండేది తల మీద అమ్మా, ఒంటి మీద కాదు," అన్నాడు కొడుకు. నవ్వించబోయాడు పాపం.

ఎవరూ నవ్వలేదు. అతను కౌంటరు మీది కొట్టు ఫోను తీసి జేబులో వేసుకున్నాడు.

"టీ తాగొస్తా."

"టీ ఇక్కడే ఉందండీ," అంది కొత్తకోడలు కప్పు చూపిస్తూ.

అతను అప్పటికే వీధిలో ఉన్నాడు.

*

కొట్టు వెనక పని గది. దాని వెనక పెరడు. పని గదికీ పెరడుకీ మధ్య ఇరుకు గదిలో కొత్తజంట కాపురం.

ఆ గది గోడకి అవతల మెరుగుపెట్టే మిషను ఉంటుంది. అది తిరిగితే మంచం కూడా సన్నగా వణుకుతుంది. మొదటి రోజు కొత్తకోడలు భూకంపమనుకుని భర్త చెయ్యి పట్టుకుంది. మర్నాడు భూకంపం కాదని తెలిసినా పట్టుకుంది.

ఈ ఇంట్లో గదులు ఊడ్చే తీరే వేరు. చెత్త బయటికి పారెయ్యరు, డబ్బాలో దాస్తారు. చేతులు కడుక్కున్న నీళ్ళు కూడా తూములోకి పోవు, పని గది మూల తొట్టిలోకి పోతాయి. అడుగున పేరుకున్న మట్టిని ఏడాదికోసారి కరిగిస్తే అందులోంచి బంగారం వస్తుంది. భర్త పని మధ్యలో పెళ్ళాం బుగ్గ గిల్లడానికొస్తే, అత్తయ్య కొట్టులోంచే కేకేస్తుంది: "చేతులు కడుక్కుని ముట్టుకోరా! కొట్టు సొమ్మంతా దాని మొహానే పోతోంది!"

అలాంటి అత్తయ్య పొద్దుట్నుంచీ ఒక్క కేక కూడా వెయ్యలేదు.

కొత్తకోడలు మిగిలిపోయిన టీ కప్పు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. గోడవార టార్పాలిను కప్పిన ఇటుకల గుట్ట ఉంది. పది రోజుల కిందట లారీ వచ్చి దింపి వెళ్ళింది. ఎందుకని అడిగితే "ఉండనీ, పనికొస్తాయి" అంది అత్తయ్య అప్పట్లో. కొత్తకోడలు ఇటుకల మీద కప్పు పెట్టి, పని గది కిటికీలోంచి లోపలికి చూసింది.

మామయ్య తన బల్ల ముందు వంగి గాజుకి ఆకురాయి పడుతున్నాడు. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడినా చేతిలో నగతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

"మామయ్యా, అత్తయ్య ఎందుకిలా చేశారు? ఇన్నేళ్ళూ మాటిచ్చిన రోజే కొన్న మనిషి కదా?"

ఆకురాయి ఆగలేదు.

"నువ్వు కప్పు దేని మీద పెట్టావమ్మా?"

"ఇటుకల మీద."

"అందుకే చేసింది."

ఆమెకి అర్థం కాలేదు. మామయ్య గాజుని వెలుగులోకి ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"మీ గదిలో మంచం వణుకుతుందట కదా. కొత్తగా పెళ్ళయిన పిల్లలు మిషను పక్కన పడుకోవడమేమిటని రోజూ నా ప్రాణం తీసింది. మేడ మీద గది వేస్తానంది. కొంత దాచింది, చాల్లేదు. బంగారం దిగాక కొంటే ఆ మిగులుతో చాలుతుందనుకుంది." కాస్త ఆగాడు. "ఎప్పుడూ తన కోసం ఆశపడని మనిషి. మీ కోసం పడింది."

కొత్తకోడలు ఇటుకల గుట్ట వైపు తిరిగింది. తను ఆ మిషను గురించి నవ్వుతూ పదిసార్లు చెప్పుకుంది. మంచం వణుకుతుందని, నిద్రలో రైల్లో ఉన్నట్టుంటుందని. ముచ్చటగా చెప్పుకుంది. అత్తయ్య దాన్ని కష్టమనుకుంది.

ఆమె కప్పు తీసుకుంది. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసింది.

"మామయ్యా, ఇవాళే కొనెయ్యాలి. నాలుగింటి దాకా ఆగకూడదు."

"నాతో చెప్పి ఏం లాభం? నేను కరిగించేవాణ్ణి. కరగాల్సిన మనిషి అక్కడ కూర్చుంది."

*

మధ్యాహ్నం భోజనాలకి భర్త వచ్చాడు. ఎవరి మొహమూ చూడకుండా తిన్నాడు.

కొత్తకోడలు కూర గిన్నె కింద పెట్టి, మొదలుపెట్టేసింది.

"అత్తయ్యా, వడ్డీ పెరిగితే బంగారం ఎందుకు దిగుతుందంటారు?"

"ఇదేం పరీక్షే, కాలేజీ?" అత్తయ్య ఆమెని ముద్దొచ్చినా కోపమొచ్చినా కాలేజీ అనే పిలుస్తుంది. ఇప్పుడు ముద్దొచ్చి కాదు.

"చెప్పండి. మీకు తెలిసినంత నా పుస్తకాల్లో లేదు."

పొగడ్త కొంచెం పనిచేసింది.

"బంగారం అందమైన అల్లుడులాంటిది," అంది అత్తయ్య. "ఇంట్లో కూర్చుంటాడు, చూడ్డానికి బావుంటాడు, చిల్లిగవ్వ సంపాదించడు. బ్యాంకులో వేసిన డబ్బు ఉద్యోగం చేసే అల్లుడు. నెల తిరిగేసరికి జీతం తెస్తాడు. జీతం పెరిగిందనుకో, అందగాణ్ణి ఎవరు మేపుతారు? వాడి ధర పడిపోతుంది."

మామయ్యకి పొలమారింది. భర్త తల వంచుకునే నవ్వాడు. పొద్దుట్నుంచీ ఆ ఇంట్లో వినబడ్డ మొదటి నవ్వు అది.

"నిజమే అత్తయ్యా. కానీ ఉద్యోగం చేసే అల్లుడు వందకి ఆరు తెస్తున్నాడు. ఈ ఏడాది బజార్లో ధరలు వందకి తొమ్మిది పెరిగాయి. అంటే జీతమంతా దారిలోనే లాగేసుకుని, పైగా అతని జేబులోంచి ఇంకో మూడు తీసుకుంటున్నారు. ఇంటికొచ్చేసరికి చొక్కా కూడా మిగలట్లేదు. అప్పుడు కూర్చున్న అల్లుడే నయం కదా? తేకపోయినా పోగొట్టడు."

అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగింది.

"ఇవాళ జీతం పెంచుతున్నారుగా."

"ఎంత పెంచుతారు? ఆరుని ఆరున్నర చేస్తారు. ధరల్ని దాటాలంటే తొమ్మిదికి పైన పెంచాలి. అంత పెంచితే ముందు ఎవరి నడుము విరుగుతుంది? దేశంలో అందరికంటే పెద్ద అప్పు ఎవరిది? సర్కారుది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేస్తోంది. వడ్డీ పెరిగిన ప్రతిసారీ కొత్త అప్పు ఇంకా బరువెక్కుతుంది. అందుకని గట్టిగా పెంచనివ్వరనీ, చివరికి నోట్లు అచ్చేసి అప్పు తీరుస్తారనీ జనానికి భయం. ఆ భయంతోనే బంగారం కొంటున్నారు. మీ లెక్క తప్పు కాదు అత్తయ్యా. వడ్డీ పెరిగితే బంగారం దిగడం ధరలు కుదురుగా ఉన్నప్పటి మాట. ఇప్పుడు ధరలూ అప్పూ కూడా ఆ లెక్కలోకి వచ్చి కూర్చున్నాయి."

"అయితే ఇంకా పెరుగుతుందంటావు."

"అనను."

"మరి?"

"నాకు తెలీదు అత్తయ్యా. పెరగొచ్చు, దిగొచ్చు. తెలీదు కాబట్టే ఇవాళే కొనేద్దామంటున్నా. ఈ ఇంట్లో మామయ్య చేతి పని అమ్ముకుని బతుకుతున్నాం. బంగారం ఎటు పోతుందో చెప్పి బతకడం మన వృత్తి కాదు కదా? ఇవాళ కొంటే నష్టం ఎంతో తెలుస్తుంది. తెలిసిన బరువు మొయ్యొచ్చు. రేపు ఎంతో ఎవరికి తెలుసు?"

"డబ్బో?" అన్నాడు భర్త, మొదటిసారి తలెత్తి. "ఉపన్యాసం బావుంది ప్రొఫెసరు గారూ. డబ్బు చెట్టుకి కాస్తుందా?"

కొత్తకోడలు అత్తయ్య కళ్ళలోకి చూసింది.

"మేడ మీద గది డబ్బుంది."

అత్తయ్య మామయ్య వైపు తిరిగింది. మామయ్య పెరుగు గిన్నె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పావా?"

"ఇటుకలు చెప్పాయి," అన్నాడు మామయ్య.

"ఆ డబ్బు ముట్టుకోవడానికి వీల్లేదు!" అత్తయ్య గొంతు పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారి పైకి తెచ్చింది. "నేనూ ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్నే. ఆ గదిలోనే పాతికేళ్ళు పడుకున్నా. ఆ మిషను నా ఎముకల్లో తిరిగింది. నా కోడలు కూడా అలాగే…"

"నాకు ఆ మంచం వణకడం ఇష్టం!"

కొత్తకోడలి మొహం చెవుల దాకా ఎర్రబడింది. భర్త మంచినీళ్ళ గ్లాసు అందుకుని, అందులో నీళ్ళు లేకపోయినా తాగాడు.

అత్తయ్య పెదవి ఒక మూల కదిలింది. నవ్వు వచ్చేదే, కానీ ఆమె దాన్ని మింగేసింది. కంచం తీసుకుని లేచింది.

"నాలుగింటి దాకా ఎవరూ ఏమీ కొనరు," అంది. "పలక కూడా అలాగే ఉంటుంది."

*

పలక అలాగే ఉంది. వీధి మాత్రం అలా ఉండలేదు.

ఎదురు కొట్టు గడియారాల మెకానిక్కు రెండుసార్లు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాడు. పూల కొట్టామె బేరం మధ్యలో ఆపి చూసింది. వీధి మొదట్లో "రాయలేదట" అన్న మాట, వీధి చివరికి చేరేసరికి "కొట్టు ఎత్తేస్తున్నారట" అయింది.

మొదట వచ్చింది నర్సమ్మ. ఆసుపత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, తెల్లబూట్లతోనే ఉంది. తన జీతంతో తనకి తాను గాజులు చేయించుకుంటోంది. పాత గొలుసు ఇచ్చి, పైన కావలసిన బంగారానికి రేటు కట్టించుకుంది.

"అమ్మా, నా గొలుసు నాకిచ్చెయ్యండి."

అత్తయ్య తెల్లబోయింది. "గాజులు వద్దా?"

"వద్దులెండి. పలక ఖాళీగా ఉంది. అందరూ ఏదేదో అంటున్నారు. పైగా పొద్దున…"

లోపలి నుంచి కొడుకు వచ్చాడు. నర్సమ్మ అతన్ని చూసి ఆ మాట అక్కడే ఆపేసింది.

"గొలుసు లేదమ్మా," అన్నాడు మామయ్య పని గది గుమ్మంలోంచి. ఆయన చేతిలో సగం నునుపెక్కిన గాజు ఉంది. "కరిగించేశాను. మీ గొలుసే ఇది. ఇంక వెనక్కి గొలుసు కాలేదు. ఇంకో గాజుకి బంగారం రావాలి."

"వస్తుందా?"

అత్తయ్య చెయ్యి తూకపురాళ్ళ మీదికి పోయింది. ఒక రాయి కింద పడి దొర్లుకుంటూ పోయింది.

గుమ్మం బయట ఇంకో ఇద్దరు ఆగారు. వాళ్ళ వెనక ఇంకొకరు. అందరూ రేటు కట్టించుకున్న వాళ్ళే. అందరి కళ్ళూ ముందు పలక మీదికి, తర్వాత లోపలికి.

అత్తయ్య అబద్ధం రాయడం ఇష్టం లేక పలక వదిలేసింది. వీధి ఆ ఖాళీలో తనకి తోచింది రాసుకుంటోంది.

కొత్తకోడలు గుమ్మం దాటింది.

సుద్దముక్క అందుకుంది. అది చిన్నదై, అత్తయ్య వేళ్ళ మధ్య అరిగిన వైపు అరిగి, ఏటవాలుగా ఉంది. మరోవైపు తిప్పి పట్టుకుంటే రాయడం కుదరలేదు. అత్తయ్య పట్టుకునే వైపే పట్టుకోవలసి వచ్చింది.

"ఇవాళ రేటెంతండీ?" అని గట్టిగా అడిగింది.

గడియారాల మెకానిక్కు చెప్పాడు. ఆమె రాసింది. ఊరంతా అమ్ముతున్న రేటు, ఉన్నదున్నట్టు, అందరూ గుడ్లప్పగించి చూస్తుండగా. దాని కింద కాస్త చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం రాసింది:

"రేటు కట్టించుకున్న వాళ్ళకి పాత రేటే."

వెనక మాటలు ఆగిపోయాయి. అడుగుల చప్పుడు. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది.

"ఎవర్నడిగి రాశావ్?"

"ఎవర్నీ అడగలేదు అత్తయ్యా. మీరు ఎప్పుడో అన్న మాటే రాశాను."

అత్తయ్య పలక చదివింది. మళ్ళీ చదివింది. చెయ్యి చాచింది. తుడిచేస్తుందనుకుంది కొత్తకోడలు. గుడ్డ ముక్క అక్కడే వేలాడుతోంది.

అత్తయ్య సుద్దముక్క తీసుకుంది. ఒక అంకెని దిద్దింది.

"ఏడు అంకె ఇలాగా రాసేది? కాలేజీలో ఇదేనా నేర్పింది? కొడవలిలా ఉంది."

అంతే అంది. తర్వాత లోపలికి తిరిగి, వీధికంతా వినబడేలా కేకేసింది. పొద్దుట్నుంచీ ఆ ఇల్లు ఎదురు చూస్తున్న కేక.

"ఒరేయ్! షావుకారుకి ఫోన్ చెయ్యి. ఆర్డర్లన్నిటికీ సరిపడా తూచమను. డబ్బు మేడగది ఖాతాలోంచి పంపిస్తున్నామని చెప్పు!"

*

ఎదురు కొట్టులో రేడియో గట్టిగా పెట్టారు. పెద్ద బ్యాంకు వార్త కోసం సగం వీధి అక్కడే చేరింది. నర్సమ్మ మాత్రం వెళ్ళకుండా కొట్టు బెంచీ మీద కూర్చుంది.

వార్త వచ్చింది. వడ్డీ పెంచారు. అరశాతం కాదు. అందరూ అనుకున్నదానికి రెట్టింపు.

గడియారాల మెకానిక్కు "అమ్మో!" అన్నాడు.

ఫోను మోగింది. బంగారం బిస్కెట్లు సరఫరా చేసే షావుకారు.

"అమ్మా, వార్త విన్నారా? రేటు జారుతోంది. చూస్తుండగానే జారుతోంది. మీ సరుకు ఇంకా తూచలేదు, మీ డబ్బూ ఇంకా నాకు రాలేదు. పాతికేళ్ళ పరిచయం కదా, అందుకని అడుగుతున్నా. ఆపమంటారా? రేపటికి ఇంకా దిగొచ్చు."

ఫోను స్పీకరు మీద ఉంది. కొట్టులో అందరూ విన్నారు.

భర్త కొత్తకోడలి వైపు చూశాడు. ఆ చూపులో "చూశావా?" అన్న మాట స్పష్టంగా ఉంది. అత్తయ్య లెక్కే నిజమైంది. వడ్డీ పెరిగింది, బంగారం దిగుతోంది. ఒక్క రోజు ఆగితే నష్టం తగ్గొచ్చు. ఎవరికి తెలుసు, మేడ మీద గదికి కొంచెమైనా మిగలొచ్చు.

ఆగు అని ముందుగా అన్నది కొత్తకోడలి మనసే. ఆమెకే సిగ్గేసింది. మధ్యాహ్నం అంత ఉపన్యాసం ఇచ్చిన మనసు, రేటు కొంచెం జారగానే అత్తయ్య దారిలోనే పడింది. ఇదే కదా అత్తయ్యని వారం వారం కూర్చోబెట్టింది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అంటూ.

ఆమె ఫోను అత్తయ్య ముందు పెట్టింది.

"మీరే చెప్పండి అత్తయ్యా."

"ఇప్పుడు నీ లెక్కేమంటోంది?"

"మధ్యాహ్నం ఏమందో అదే. రేపు నాకు తెలీదు."

అత్తయ్య ఫోను వైపు చూసింది. బయట పలక వీధి వైపు తిరిగి ఉంది, లోపలికి దాని చెక్క అంచు మాత్రమే కనిపిస్తుంది. అయినా అటే చూసింది. పని గదిలో ఆకురాయి చప్పుడు ఆగిపోయి ఉంది.

"దిగుతుందని నేను చెప్పానా లేదా?" అంది, ఎవరితోనో తెలీకుండా.

"చెప్పారు," అంది కొత్తకోడలు.

"నా మాటే నిజమైంది."

"అయింది."

"హమ్మయ్య," అంది అత్తయ్య. నిజంగా తేలికపడినట్టు ఊపిరి వదిలింది. తర్వాత ఫోను దగ్గరికి లాక్కుంది. "షావుకారు గారూ, తూచండి. ఇప్పుడే. ఇప్పుడెంత రేటుంటే అంత. మళ్ళీ ఆలోచించమని నన్ను అడక్కండి, నా బుద్ధి మారిపోతుంది."

"సరే అమ్మా. తూస్తున్నా."

మామయ్య గుమ్మంలోంచి మాయమయ్యాడు. మరుక్షణంలో లోపల ఉఫ్ ఉఫ్ అని ఊదుడుగొట్టం మొదలైంది. బంగారం ఇంకా రాకముందే కొలిమి రాజేస్తున్నాడు. కొత్తకోడలికి ఆ చప్పుడు వింటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గది పోతే పోయింది. మంచం వణుకుతుంది, వణకనీ.

అత్తయ్య ఆమె బుగ్గ మీద వేలితో గీసి చూసింది.

"సుద్ద," అంది. "బంగారమనుకున్నా."

నర్సమ్మ బెంచీ మీంచి లేచింది. గుమ్మం బయటికెళ్ళి పలక ముందు నిలబడి, కింది వాక్యాన్ని వేలు పెట్టి చదివింది. తిరిగి లోపలికొచ్చింది. ఆమె మొహంలో కోపం లేదు, తికమక ఉంది.

"అమ్మా, ఇది మీ మాటేనా? పాత రేటే అన్నది?"

"నా మాటే. ఏం, నమ్మకం లేదా?"

"మీ మీద నమ్మకం లేక కాదు." నర్సమ్మ కాస్త తటపటాయించింది. "మరి పొద్దున ఈ కొట్టు నుంచే నాకు ఫోనొచ్చింది. అమ్మే చెప్పమన్నారని చెప్పి, తేడా కట్టకపోతే గాజులు ఇవ్వం అన్నారు. నాకొక్కదానికే కాదు, అదుగో, బయట ఉన్నవాళ్ళకీ వచ్చింది. అందుకే అందరం వచ్చాం."

అత్తయ్య నెమ్మదిగా తల తిప్పింది. కొత్తకోడలూ తిప్పింది. టీ ఇక్కడే ఉందండీ అని పొద్దున తను పట్టుకు నిలబడ్డ కప్పు గుర్తొచ్చింది.

భర్త పని గది మూల తొట్టి దగ్గర, వాళ్ళకి వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. చేతులు కడుక్కుంటున్నాడు. ఇవాళ అతను బంగారం ముట్టుకోనే లేదు. అయినా కడుక్కుంటూనే ఉన్నాడు.